గోడ మీది కన్ను

చిక్కడపల్లి చౌరస్తాలో నిలబడి ఒకసారి తల పైకెత్తి చూడండి. పైన మెట్రో రైలు దారి కనబడుతుంది. కింద స్తంభాలకు చిన్న చిన్న తెల్లని డబ్బాలు కనబడతాయి. కొన్ని గొట్టంలా పొడుగ్గా ఉంటాయి. కొన్ని బోర్లించిన గిన్నెలా గుండ్రంగా ఉంటాయి. అవే కెమెరాలు. అందరూ వాటిని సీసీ కెమెరాలు అంటారు.

నారాయణగూడ వైపు నడవండి. బంగారం దుకాణం ముందు ఒక కెమెరా. మందుల దుకాణంలో ఒక కెమెరా. మెట్రో స్టేషన్ మెట్ల దగ్గర ఇంకొకటి. ఇటు అశోక్ నగర్ వైపు తిరగండి. అక్కడ గల్లీ గల్లీకి కోచింగ్ సెంటర్లు, హాస్టళ్ళు ఉన్నాయి. ఉద్యోగ పరీక్షలకు చదివే పిల్లలు పొద్దున్నే నగర కేంద్ర గ్రంథాలయానికి వస్తారు. రాత్రి దాకా చదువుతారు. వాళ్ళు ఉండే హాస్టళ్ళ గేట్ల మీద కూడా కెమెరాలు ఉంటాయి.

ఆ పిల్లలకు వంట చేసేది ఎవరు? గదులు ఊడ్చేది ఎవరు? ఎక్కువగా ఆడవాళ్ళే. తెల్లవారక ముందే పనికి వస్తారు. పొద్దుపోయాక ఇంటికి పోతారు. ఈ కన్ను వాళ్ళను రోజూ చూస్తుంది. మరి ఈ కన్ను సంగతి వాళ్ళకు కూడా తెలియాలి కదా!

కాఫీ గిన్నెతో మొదలు

ఇంగ్లండ్ దేశంలో కేంబ్రిడ్జ్ అనే ఊరు ఉంది. అక్కడ పెద్ద విశ్వవిద్యాలయం ఉంది. అందులో కంప్యూటర్ల మీద పని చేసేవాళ్ళు వేరు వేరు గదుల్లో కూర్చునేవారు. కాఫీ గిన్నె మాత్రం ఒక్క గదిలోనే ఉండేది. అంత దూరం నడిచి వెళ్తే ఒక్కోసారి గిన్నె ఖాళీ!

1991లో వాళ్ళు ఒక ఉపాయం చేశారు. గిన్నె ముందు ఒక కెమెరా పెట్టారు. గిన్నె బొమ్మ అందరి కంప్యూటర్లకూ వచ్చేటట్టు చేశారు. కాఫీ ఉందో లేదో కూర్చున్న చోటనే తెలిసిపోయింది. 1993లో ఆ బొమ్మను ఇంటర్నెట్‌లో పెట్టారు. ప్రపంచమంతా ఆ కాఫీ గిన్నెను చూసింది. 2001లో ఆ కెమెరాను ఆపేశారు.

1996లో స్వీడన్ దేశంలోని యాక్సిస్ అనే కంపెనీ నేరుగా నెట్‌వర్క్‌కు కలిపే కెమెరాను అమ్మకానికి తెచ్చింది.

నెట్‌వర్క్ అంటే ఏమిటి? గల్లీలన్నీ కలిసి బస్తీ అవుతుంది. ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి దారి ఉంటుంది. అలాగే కంప్యూటర్లు, ఫోన్లు, కెమెరాలు కలిసి ఉంటే అది నెట్‌వర్క్. ఇంటికి నంబరు ఉన్నట్టే ప్రతి కెమెరాకూ ఒక నంబరు ఉంటుంది. ఆ నంబరును బట్టి ఏ బొమ్మ ఏ కెమెరా నుంచి వచ్చిందో తెలుస్తుంది.

పాత రకం కెమెరాలకు తీగ కట్టి ఒక గదిలోని టీవీకి కలిపేవారు. బొమ్మ చూడాలంటే ఆ గదికే పోవాలి. కొత్త రకం అలా కాదు. ఎంత దూరంలో ఉన్నా చూడవచ్చు.

వంటామె అడిగిన ప్రశ్నలు

ఒక హాస్టల్‌లో కెమెరాలు బిగిస్తున్నారు అనుకోండి. అక్కడ వంట చేసే ఆమె, కెమెరాలు బిగించే అబ్బాయి ఇలా మాట్లాడుకుంటారు.

"తమ్మీ, గీ డబ్బాల ఏముంటది?"

"ముందల అద్దం ఉంటది అక్కా. దాని ఎనక చిన్న బిళ్ళ ఉంటది. అది వెలుతురును పట్టి బొమ్మను అంకెలు చేస్తది."

"బొమ్మ అంకెలెట్లయితది?"

"నువ్వు చుక్కలు పెట్టి ముగ్గేస్తవు కదా. బొమ్మ గూడ చుక్కలే. ఈ కెమెరా బొమ్మల ఇరవై లక్షల చుక్కలుంటయి. ఒక్కో చుక్కకు ఎంత వెలుతురు, ఏ రంగు అని అంకెలల్ల రాసుకుంటది. సెకనుకు పదిహేను, ఇరవై బొమ్మలు తీస్తది. అన్ని వరసగ చూస్తే సినిమా లెక్క కదులుతయి."

"మరి రాత్రి చీకట్ల ఎట్ల కనబడతది?"

"అద్దం చుట్టు చిన్న చిన్న దీపాలున్నయి చూడు. అవి మన కంటికి కానరాని వెలుతురు ఇస్తయి. అందుకే రాత్రి బొమ్మ నలుపు, తెలుపే వస్తది. నీ చీర ఎర్రదో పచ్చదో తెల్వది."

"కరెంటు తీగ ఏది?"

"ఇదొక్క తీగనే అక్కా. ఇండ్లనే కరెంటు పోతది. ఇండ్లనే బొమ్మ వస్తది."

"బొమ్మ యాడికి పోతది?"

"ఆఫీసు గదిల రికార్డు డబ్బా ఉంది. బొమ్మలన్ని అండ్ల దాసుకుంటది. దానికి ఇంటర్నెట్ కలిపినం. ఓనర్ సార్ ఊర్లె ఉన్నా ఫోన్ల చూస్తడు."

"ఇంకెవరన్న చూస్తరా?"

"పాస్‌వర్డ్ తెలిసినోళ్ళు ఎవరైనా చూస్తరు అక్కా."

వంటామె అడిగిన చివరి ప్రశ్న చాలా పెద్ద ప్రశ్న. దాని గురించి ముందు ముందు చదువుదాం.

పలక నిండితే ఏం చేస్తాం?

పలక నిండితే చెరిపి మళ్ళీ రాస్తాం. రికార్డు డబ్బా కూడా అంతే. అది నిండిపోతే పాత బొమ్మలను చెరిపేస్తుంది. వాటి చోట కొత్త బొమ్మలను రాస్తుంది. ఎవరూ చెప్పకుండానే ఈ పని జరుగుతుంది.

ఎన్ని రోజులకు చెరుపుతుంది? లెక్క వేద్దాం. బియ్యాన్ని కిలోల్లో కొలుస్తాం. బొమ్మలు పట్టే చోటును జీబీల్లో కొలుస్తారు.

ఒక కెమెరాకు ఒక రోజుకు సుమారు 20 జీబీ కావాలి.
నాలుగు కెమెరాలకు ఒక రోజుకు 4 × 20 = 80 జీబీ.
డబ్బాలో మొత్తం చోటు 1000 జీబీ.
1000 ÷ 80 = 12 రోజుల 12 గంటలు.

అంటే 13వ రోజుకు మొదటి రోజు బొమ్మ చెరిగిపోవడం మొదలవుతుంది. కెమెరాలు పెరిగితే ఇంకా తొందరగా చెరుగుతుంది. పెద్ద డబ్బా పెడితే ఎక్కువ రోజులు ఉంటుంది.

దీని మీద ఒక చట్టం ఉంది. అది 2013లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన ప్రజా భద్రత చట్టం. తెలంగాణలో కూడా అది అమలులో ఉంది. ఒకేసారి వందమంది చేరే చోట్లలో, రోజుకు 500 మంది వచ్చే చోట్లలో కెమెరాలు పెట్టాలి. సినిమా హాళ్ళు, పెద్ద దుకాణాలు, ఆస్పత్రులు ఇలాంటివే. అక్కడ దృశ్యాలను 30 రోజులు దాచాలి. పోలీస్ ఇన్‌స్పెక్టర్ అడిగితే ఇవ్వాలి. చిన్న దుకాణాల్లో, ఇళ్ళల్లో అన్ని రోజులు ఉండకపోవచ్చు.

దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టు ఉండకూడదు. ఏదైనా జరిగితే వెంటనే అడగాలి.

ఒక్క కన్ను కాదు, వెయ్యి కళ్ళు

ఒకడు బండి మీద వచ్చి ఒకామె మెడలో గొలుసు తెంపుకుపోయాడు అనుకోండి. గల్లీ కెమెరాలో వాడి అంగీ రంగు కనబడింది. చౌరస్తా కెమెరాలో బండి నంబరు కనబడింది. ఇంకో చోట చాయ్ తాగుతుంటే ముఖం కనబడింది. ఒక్కో ముక్క ఒక్కో చోట ఉంది. ముక్కలన్నీ కలిపితే దొంగ దొరుకుతాడు. కెమెరాలను నెట్‌వర్క్‌కు కలిపితే వచ్చే పెద్ద లాభం ఇదే.

హైదరాబాద్ పోలీసులు "నేను సైతం" అనే పథకం పెట్టారు. కాలనీ వాళ్ళు, దుకాణాల వాళ్ళు తలా కొంత వేసుకుని వీధిలో కెమెరాలు పెట్టించుకోవడం ఈ పథకం. బంజారాహిల్స్‌లో పోలీసులకు ఒక పెద్ద భవనం ఉంది. దాన్ని కమాండ్ కంట్రోల్ సెంటర్ అంటారు. 2022 ఆగస్టు 4న దాన్ని ప్రారంభించారు. నగరంలోని ఎన్నో కెమెరాల బొమ్మలను అక్కడ కూర్చుని చూడవచ్చు.

ఆడవాళ్ళను ఏడిపించే వాళ్ళను పట్టుకోవడానికి 2014 అక్టోబర్ 24న హైదరాబాద్‌లో షీ టీమ్స్ మొదలయ్యాయి. వాళ్ళు మామూలు బట్టల్లో బస్టాపుల్లో, బజార్లలో నిలబడతారు. అల్లరి చేసే వాళ్ళను కెమెరాలో పట్టి సాక్ష్యం చూపుతారు. "నేనేమీ అనలేదు" అని తప్పించుకోవడం కష్టం.

కెమెరా చూసింది. కానీ...

2024 డిసెంబర్ 4. రాత్రి వేళ. ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లోని సంధ్య థియేటర్‌లో "పుష్ప-2" సినిమా ముందస్తు ఆట. సినిమా హీరో కూడా అక్కడికి వచ్చాడు. జనం విరగబడ్డారు. తొక్కిసలాట జరిగింది. పిల్లలతో సినిమాకు వచ్చిన ఒక తల్లి చనిపోయింది. ఆమె కొడుకు తీవ్రంగా గాయపడ్డాడు. చిక్కడపల్లి పోలీసులు కేసు పెట్టారు.

ఆ రాత్రి ఏ సమయంలో ఏం జరిగింది? దాని మీద తలా ఒక మాట చెప్పారు. అప్పుడు పోలీసులు కెమెరాల దృశ్యాలు, ఫోన్లలో తీసిన దృశ్యాలు ఒక చోట చేర్చారు. ఏది ముందు, ఏది వెనక అని వరసగా పేర్చారు. డిసెంబర్ 22న నగర పోలీస్ కమిషనర్ ఆ వీడియోను అందరికీ చూపించారు.

కెమెరా మూలకు సమయం పడుతుంది. అది మాట మార్చదు. ఎవరికీ భయపడదు. అందుకే అది మంచి సాక్షి.

కానీ ఒక్క మాట ఆలోచించండి. అంతమంది జనం చేరడం కూడా కెమెరాలు చూశాయి కదా. చూసినంత మాత్రాన ఆ తల్లి బతకలేదు. కెమెరాకు కన్ను ఉంది. చేతులు లేవు. జనాన్ని ఆపాల్సింది మనుషులు. గేటు తెరవాల్సింది మనుషులు. పడిపోయిన వాళ్ళను లేపాల్సింది మనుషులు. "కెమెరా ఉంది కదా, భయం లేదు" అని ఎప్పుడూ అనుకోకూడదు.

ఠాణాలో కూడా కెమెరా

కెమెరా జనాన్నే కాదు, పోలీసులను కూడా చూడాలి. 2020 డిసెంబర్ 2న సుప్రీంకోర్టు ఒక తీర్పు చెప్పింది. దేశంలోని ప్రతి పోలీస్ స్టేషన్‌లో కెమెరాలు పెట్టాలి. గేటు దగ్గర పెట్టాలి. లాకప్ దగ్గర పెట్టాలి. వరండాలో పెట్టాలి. మాట కూడా రికార్డు కావాలి. ఆ దృశ్యాలను 18 నెలలు దాచాలి. అది కుదరని చోట కనీసం ఒక సంవత్సరం దాచాలి. ఠాణాలో ఎవరినైనా కొట్టి బాధ పెడితే ఆ దృశ్యాల కోసం అడిగే హక్కు వాళ్ళకు ఉంది.

కంచే చేను మేస్తే?

ఇప్పుడు వంటామె ప్రశ్నకు వద్దాం. "ఇంకెవరన్న చూస్తరా?"

కెమెరాను నెట్‌వర్క్‌కు కలిపితే దూరం నుంచి యజమాని చూడవచ్చు. ఆ దారిలోనే దొంగ కూడా రావచ్చు. పాస్‌వర్డ్ తాళంచెవి లాంటిది. కొత్త కెమెరాతో కంపెనీ ఒక పాస్‌వర్డ్ ఇస్తుంది. చాలామంది దాన్ని మార్చరు. అది తాళంచెవిని గుమ్మం మీదే వదిలేసినట్టు. 2016లో దొంగలు ఇలాంటి లక్షల పరికరాల్లోకి చొరబడ్డారు. అందులో కెమెరాలు, రికార్డు డబ్బాలు చాలా ఉన్నాయి.

2025 ఫిబ్రవరిలో గుజరాత్‌లోని రాజ్‌కోట్‌లో ఇంకా ఘోరం బయటపడింది. ఒక కాన్పుల ఆస్పత్రిలో డాక్టరు ఆడవాళ్ళను పరీక్షించే గదిలో కెమెరా ఉంది. ఆ దృశ్యాలు ఇంటర్నెట్‌లోకి వెళ్ళాయి. వాటిని అమ్ముకున్నారు. కెమెరాల్లోకి దొంగలు చొరబడ్డారని పోలీసులు తేల్చారు. దొంగలది తప్పు. సరే. అసలు పరీక్ష గదిలో కెమెరా ఎందుకు? ఆ ప్రశ్న ముందే ఎవరైనా అడిగి ఉంటే బాగుండేది.

మనిషికి తన గుట్టు తనకు ఉంటుంది. అది హక్కు. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిది మంది జడ్జీలు ఈ మాట చెప్పారు. హైదరాబాద్‌లో కూడా ఈ విషయం కోర్టుకు వెళ్ళింది. ముఖాన్ని చూసి మనిషిని గుర్తుపట్టే కంప్యూటర్లను పోలీసులు వాడుతున్నారని సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్ హైకోర్టులో పిటిషన్ వేశారు. 2022 జనవరిలో హైకోర్టు ప్రభుత్వానికి నోటీసు ఇచ్చింది.

స్నానాల గది, మరుగుదొడ్డి, బట్టలు మార్చుకునే గది — ఇలాంటి చోట కెమెరా పెట్టి ఆడవాళ్ళను చూడటం, బొమ్మ తీయడం నేరం. భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ ఈ మాట చెబుతుంది. ఈ చట్టం 2024 జూలై 1 నుంచి అమలులో ఉంది. మొదటిసారి నేరం రుజువైతే ఒక సంవత్సరం నుంచి మూడు సంవత్సరాల దాకా జైలు. మళ్ళీ చేస్తే మూడు నుంచి ఏడు సంవత్సరాలు. జరిమానా కూడా ఉంటుంది.

మీరు ఏం చేయాలి?

1. పని చేసే చోట, పిల్లలు ఉండే హాస్టల్‌లో కెమెరాలు ఎక్కడెక్కడ ఉన్నాయో చూడండి. గేటు, మెట్లు, వరండా ఫరవాలేదు. స్నానాల గది వైపు, పడుకునే గది వైపు తిరిగి ఉంటే ఊరుకోవద్దు.

2. మూడు ప్రశ్నలు అడగండి. ఈ బొమ్మ ఎవరు చూస్తారు? ఎన్ని రోజులు దాస్తారు? కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డ్ మార్చారా?

3. రహస్య కెమెరా కనబడితే దాన్ని పీకవద్దు, ముట్టవద్దు. దాని మీద దొంగ వేలిముద్రలు ఉండవచ్చు. గది నుంచి బయటికి రండి. ఇంకెవరినీ లోపలికి పోనివ్వద్దు. 100కు గానీ 112కు గానీ ఫోన్ చేయండి. ఆడవాళ్ళ సహాయానికి 181 నంబరు కూడా ఉంది.

4. దొంగతనం, అల్లరి, ప్రమాదం జరిగితే సమయం, చోటు రాసుకోండి. దగ్గర్లో ఏ దుకాణానికి కెమెరా ఉందో చూసుకోండి. అదే రోజు ఠాణాకు వెళ్ళండి. జరిగిన చోటు నారాయణగూడ ఠాణా కిందికి వస్తుందా, చిక్కడపల్లి ఠాణా కిందికి వస్తుందా అని ఆగిపోవద్దు. పెద్ద నేరం అయితే ఏ ఠాణాలోనైనా కేసు రాసుకోవాలి. దాని కాగితం మీకు ఉచితంగా ఇవ్వాలి.

5. టీవీలో కనబడే దృశ్యాన్ని ఫోన్‌తో తీసుకుంటే సరిపోదు. కోర్టులో చెల్లాలంటే దృశ్యంతో పాటు ధ్రువపత్రం కావాలి. ఆ పని పోలీసులు చేయాలి. మీరు చేయాల్సింది వాళ్ళకు తొందరగా చెప్పడం.

నోటిమాట గాలికి పోతుంది. రాసిన మాట ఉంటుంది. ఇప్పుడు మీకు రాయడం వచ్చు. దరఖాస్తు ఇలా రాయండి.

స్టేషన్ హౌస్ ఆఫీసర్ గారికి,
చిక్కడపల్లి పోలీస్ స్టేషన్, హైదరాబాద్.

అయ్యా / అమ్మా,

నా పేరు ........... నేను ........... లో ఉంటాను. ........... తేదీన ........... గంటలకు ........... దగ్గర ........... జరిగింది. అక్కడ ........... దుకాణం ముందు కెమెరా ఉంది. అందులోని దృశ్యాలు చెరిగిపోక ముందే తీసుకుని దాచి పెట్టాలని, నా ఫిర్యాదు మీద చర్య తీసుకోవాలని కోరుతున్నాను.

తేదీ: ...........
సంతకం: ...........

దరఖాస్తు రెండు కాగితాల మీద రాయండి. ఒకటి ఠాణాలో ఇవ్వండి. రెండో దాని మీద ముట్టినట్టు సంతకం, ముద్ర వేయించుకుని మీ దగ్గర దాచుకోండి.

కొత్త మాటలు

నెట్‌వర్క్ — కంప్యూటర్లు, ఫోన్లు, కెమెరాలు ఒకదానితో ఒకటి కలిసి ఉండటం
పాస్‌వర్డ్ — లోపలికి పోవడానికి తాళంచెవి లాంటి రహస్యపు మాట
దృశ్యం — కెమెరా తీసిన కదిలే బొమ్మ
ధ్రువపత్రం — ఇది నిజమే అని సంతకం చేసి ఇచ్చే కాగితం

చెప్పండి

1. రికార్డు డబ్బా నిండితే ఏమవుతుంది?
2. ఏ ఏ చోట్ల కెమెరా పెట్టకూడదు? ఎందుకు?
3. ఠాణాలో కెమెరా పెట్టాలని కోర్టు ఎందుకు చెప్పి ఉంటుంది?

లెక్క చేయండి

ఒక హాస్టల్‌లో 5 కెమెరాలు ఉన్నాయి. ఒక్కోదానికి రోజుకు 20 జీబీ కావాలి. డబ్బాలో 2000 జీబీ చోటు ఉంది. ఎన్ని రోజుల బొమ్మలు ఉంటాయి?

కలిసి మాట్లాడండి

మీ గల్లీలో కెమెరా పెట్టాలని అందరూ పైసలు వేసుకుంటున్నారు. అది ఎక్కడ పెట్టాలి? ఎవరి ఇంటి కిటికీ వైపు తిరగకూడదు? రికార్డు డబ్బా ఎవరి ఇంట్లో ఉండాలి? ఆ పనులు చూసే వాళ్ళలో ఆడవాళ్ళు ఎంతమంది ఉండాలి?